ఆడబిడ్డ లేని ఇంట్లో ఒడిబియ్యం

కొమురెల్లికి కోపమొస్తే అరవడు. అరిస్తే ఎంత బాగుండును! కోపమొస్తే ఆయన సాంచాలు నడుపుతాడు. షెడ్డులోని నాలుగు మరమగ్గాలూ ఒక్కసారి మొదలుపెట్టాడంటే, సిరిసిల్లలోని ఆ ఇంట్లో దేవుడు దిగొచ్చి వరమిస్తానన్నా ఎవరికీ వినబడదు.

ఇవాళ పొద్దు పొడవకముందే నాలుగూ మొదలయ్యాయి.

కూతురు వందన బ్యాగు సజ్జ మీదికెక్కి కూర్చుంది. ఎక్కించింది ఆయనే. ఎక్కించి ఊరుకున్నాడా? సజ్జ అందడానికి ఇంట్లో ఉన్న ఒక్క స్టూలూ షెడ్డులోకి తీసుకుపోయి, దాని మీద తనే కూర్చున్నాడు. ఉట్నూర్ లేదు, గూడెం లేదు, ఎం.ఏ. లేదు. నిన్న ఆయన అన్న మాట అంతే. ఆ తర్వాత కూతురితో మాట బందు.

అట్లు తినడానికి లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు.

"అవ్వా, నీ మనుమరాలికి చెప్పు, జ్వరం గోలి ఏసుకొమ్మని."

"నేను గీడనే ఉన్న గద బాపూ. నాతోనే చెప్పరాదు?"

"అవ్వా, నేను నీతోని మాట్లాడుతున్న."

కొమురెల్లి తల్లి శంకరవ్వ ఇద్దరి నడుమ గోడకానుకొని కూర్చుంది. "ఇగో పిల్లా, మీ బాపు గోలి ఏసుకొమ్మంటుండు."

"ఏసుకున్న అని చెప్పు."

"ఏసుకున్నదట."

"యూనివర్సిటీ మేడంకు ఫోన్ చేసి, ఇగ రాను అని చెప్పుమను."

"చెప్ప అని చెప్పు."

"నేనేమన్న మీ సాంచాల దారం మోసే నాడెనార, గిటు గటు ఉరుకుతందుకు!" శంకరవ్వ కసిరింది. "ఎదురుంగ కూసున్న బిడ్డతోని మాట్లాడుతందుకు నడుమ ముసల్దాన్ని పెట్టుకున్నడు. సిగ్గులేదు."

పెనం దగ్గరున్న పద్మలతకు నవ్వొచ్చింది గానీ, మొగుడి వీపు చూసి మింగేసింది. ఆమెకు ఇద్దరూ కావాలి. మూడు వారాల కింద గూడెం నుంచి చలిజ్వరంతో వణుకుతూ బస్సు దిగిన పిల్లను చూసి మొదట ఏడ్చింది ఆమే. జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ మొగుడికి కనబడకుండా బ్యాగులో పల్లిపట్టీలు కుక్కుతున్నదీ ఆమే.

"అవ్వా, నువ్వన్న జర చెప్పు," వందన తల్లి వైపు తిరిగింది. "ఆదివారం గూడెంల దండారి పండుగ మొదలైతది. నెమలిపించాల టోపీలు పెట్టుకొని ఒక ఊరు ఊరంత ఇంకో ఊరికి చుట్టాల లెక్క పోతది. ఎవల ఇంటికి ఎవలు పోతరు, ఎవలు ఎవలకు ఏమైతరు, గదే నేను రాసేది. గిప్పుడు చూడకుంటే మళ్ళ వచ్చే ఏడు దీపావళికే. నా థీసిస్ ఆగిపోతది. ఏడాది పోతది."

"మనుషుల గురించి సదువుతందుకు గంత దూరం పోవుడేందో," శంకరవ్వ అంది. "మన వాడకట్టుల మనుషులు లేరా? పక్కింటోళ్ళ ఇంటికి రోజుకు ఒక చుట్టం ఒస్తడు. కూసోని రాసుకో."

"నాయినమ్మా!"

కొమురెల్లి చేయి కడుక్కున్నాడు. లేచి గుమ్మం దాకా పోయి ఆగాడు. నిన్నటి నుంచి మొదటిసారి నేరుగా కూతురి ముఖంలోకి చూశాడు.

"సదువు ఆగితే మళ్ళ సదువుకోవచ్చు, బిడ్డా. మనిషి ఆగితే?"

ఆ ఇంట్లో ఆ మాటకు ఒక పేరుంది, సత్తమ్మ. కొమురెల్లి అక్క. పెళ్ళయిన మరుసటేడు వానల్లో అత్తగారి ఊళ్ళో ఇట్లాంటి జ్వరమే వచ్చింది. వాగు పొంగి బండి దాటలేదు. కబురు ఇక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది. పద్మలత ఆమెను గోడ మీది ఫోటోలోనే చూసింది.

షెడ్డులో సాంచాల హోరు మళ్ళీ పెరిగింది.

వందన గోడవైపు తిరిగి కూర్చుంది. తండ్రి మీద కోపం తెచ్చుకుందామనుకుంది. ఎంత ప్రయత్నించినా రాలేదు, ఏడుపొచ్చింది. ఇంట్లో ఎవరూ పదో తరగతి దాటని చోట, ఈ మనిషే వాడకట్టంతా తిరిగి "మా బిడ్డ మానవశాస్త్రం సదువుతుంది" అని చెప్పుకున్నాడు. గదేం చదువని అడిగితే, "డాక్టర్ లాంటిదే, సూది ఉండదు" అన్నాడు. అట్లాంటి మనిషితో ఏమని కొట్లాడాలి?

ఎండ వాకిట్లోకి దిగే వేళకు ఆటో వచ్చి ఆగింది.

దిగిన మనిషికి యాభై దాటి ఉంటాయి. కచ్చపోసి కట్టిన ఆకుపచ్చ చీర, ముంజేతుల నిండా పచ్చబొట్లు, చంకలో మూట. గుమ్మం ముందు నిలబడి లోపలికి తొంగి చూసింది.

"మాన్కుబాయీ!" వందన లేచి ఉరికింది.

గూడెంలో వందన ఉన్నది ఆమె ఇంట్లోనే. మొన్న మొన్నటిదాకా ఈ ఇంట్లో రోజూ వినబడ్డ పేరే. మాన్కుబాయి ఇట్లా అన్నది, మాన్కుబాయి అట్లా వండింది. ఇప్పుడు ఆ పేరు చెప్పులు విడిచి గడపలో నిలబడ్డది.

మూట కింద పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వందన నుదురు చూసింది, మెడ చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది.

"జ్వరం లేదు," అంది తనకు తానే. అప్పుడు నవ్వింది.

షెడ్డులో సాంచాలు ఒకటొకటే ఆగాయి. కోపం కోపమే, మర్యాద మర్యాదే. చుట్టం గడపలో ఉండగా సాంచాలు నడపడం ఆ ఇంట్లో లేదు. కొమురెల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రాం రాం," అంది మాన్కుబాయి. అని ఆగింది. ఇంకో మాట కోసం వెతుక్కుంటున్నట్టు పెదవులు కదిలాయి.

వందనకు అర్థమైంది. ఆ గూడెంలో వరుస లేకుండా ఎవరూ ఎవరినీ పలకరించరు. వందన వెళ్ళిన మొదటిరోజు ఊరి పెద్దలు కూర్చొని మొదట తేల్చింది అదే. వరుస లేని మనిషిని ఏమని పిలవాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి? చివరకు మాన్కుబాయి, "నా ఇంట్ల ఉంటది గద, నా బిడ్డే," అంది. ఆ ఒక్క మాటతో వందనకు ఊరినిండా అన్నలు, తాతలు, చిన్నాయనలు పుట్టుకొచ్చారు. కానీ ఈ సిరిసిల్ల తండ్రిని ఏమనాలో ఆ పంచాయితీలో ఎవరూ చెప్పలేదు.

"రాం రాం అమ్మా, కూసో," కొమురెల్లి కుర్చీ జరిపాడు. "ఎట్ల వచ్చినవు గింత దూరం?"

"ఉట్నూర్ దాక జీపు. నిన్న ఖానాపూర్‌ల చుట్టాలింట్ల పండిన. మళ్ళ బస్సు, బస్సు. ఈడ దిగి, మనుషుల సదువు సదివే పోరి ఇల్లేది అంటే ఆటో ఆయన తెచ్చి దింపిండు."

శంకరవ్వ పకపకా నవ్వింది. "చూసినవారా కొమురెల్లీ, నీ బిడ్డ పేరు ఎట్ల మోగుతుందో!"

మాన్కుబాయి మూట విప్పింది. జొన్నలు, ఎండబెట్టిన ఇప్పపువ్వు, ఒక సీసాలో తేనె. పద్మలత మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"గింత పరేషాన్ అయి ఎందుకొచ్చినవక్కా? ఫోన్ చేస్తే సరిపోతుండె గద."

"ఫోన్ల నుదురు పట్టి చూడనీకి వస్తదా? జ్వరం మా ఊర్ల వచ్చింది. మా ఊరి మనిషే వచ్చి చూడాలె."

కొమురెల్లి గొంతు సవరించుకున్నాడు. కోర్టులో వకీలులాగా ఒక్కొక్క ప్రశ్నే తీశాడు. "అమ్మా, మీ గూడెం నుంచి దవఖాన ఎంత దూరం?"

"దూరమే."

"వానలల్ల వాగొస్తదా?"

"వస్తది."

"వస్తే?"

"దిగేదాక ఆగాలె."

వందన పెదవి కొరుక్కుంది. దేవుడా, ఈ మనిషికి ఒక్క అబద్ధమైనా రాదా!

"విన్నవా అవ్వా?" అన్నాడు కొమురెల్లి తల్లితో. గెలిచిన మనిషి గొంతు కాదది.

"మా పోరగాండ్లకు కూడ గదే జ్వరం, గదే వాగు," మాన్కుబాయి అంది. "వీళ్ళకు వస్తది, వాళ్ళకు రాదు అని లేదు. ఈమెకు జ్వరమొచ్చిన నాడు నా కొడుకు జైవంత్ మోటర్ బండి మీద ఎనక కూసోబెట్టుకొని, పడిపోకుంట నా చీరెతోని తనకే కట్టుకొని, వాగు దాటిచ్చి ఉట్నూర్ తీసుకపోయిండు. నేను వాగు ఒడ్డు దాక ఉరికిన. మేము చేసేది చేసినం. కానీ నువ్వు తండ్రివి. నువ్వు వద్దంటే వద్దు. బిడ్డ మంచిగుంది, కండ్లతోని చూసిన. చాలు."

కాళ్ళు కడుక్కొని అన్నం తిన్నది. పచ్చిపులుసు బాగుందని ఇంకోసారి వేయించుకున్నది. తిని, "నాలుగు గంటల బస్సు ఉన్నదట, పోత," అని లేచింది. ఖాళీ మూటగుడ్డ మడుస్తుంటే వందన ఆ చేతులనే చూస్తూ నిలబడింది. ఒక్కసారైనా "పంపు" అని అడగలేదేం ఈ మనిషి? అడిగితే బాపు కాదనేవాడు, ఆయన మీద కోపమన్నా వచ్చేది.

"నీకు అన్నదమ్ములున్నరా, బిడ్డా?" అని శంకరవ్వ మాన్కుబాయిని అడిగింది.

"ఒక్కడు ఉండె. పోయిండు."

"మరి పుట్టింటికి ఎవలు పిలుస్తరు?"

"పిలిచేటోళ్ళు లేరు అవ్వా. ఇల్లు ఉన్నది, తాళం ఉన్నది."

శంకరవ్వ కాసేపు గోడ మీది ఫోటో వైపు చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"పద్మా, పీట ఎయ్యి. తూర్పు దిక్కు. బియ్యంల పసుపు కలుపు. కొబ్బరి కుడుకలున్నయా ఇంట్ల?"

పద్మలత చేతిలోని చెంబు చేతిలోనే ఉండిపోయింది. "అత్తా! ఒడిబియ్యమా?"

"మరేంది, పులిహోరనా?"

"ఒడిబియ్యం ఎవలకు పడితే వాళ్ళకు పోస్తరా? ఇంటి ఆడబిడ్డకు గద పోసేది!"

"అందుకే పోస్తున్న."

ఆ మాట ఇంట్లో అందరికీ వినబడింది. సాంచాలు ఆగి ఉన్నాయి మరి.

"అవ్వా," కొమురెల్లి మెల్లగా అన్నాడు. "గిదేం పని?"

"ఏం పనా? ఆ దసరకు సత్తమ్మకు ఒడిబియ్యం పోద్దామని కుడుకలు తెచ్చి డబ్బల పెట్టిన. ఆ కుడుకలు ఎట్ల పారేసిన్నో నాకు తెలుసు. గిన్నేండ్ల సంది ఈ గడపల ఆడబిడ్డ ఒడి నిండలే. నీ బిడ్డను చీరెతోని కట్టి వాగు దాటిచ్చిన ఇల్లు ఈమెది. సత్తమ్మకు అట్ల దాటిచ్చేటోళ్ళు దొరకలే." శంకరవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మొగుడు పోయినదాన్ని, నా చెయ్యి దీనికి పనికిరాదు. పద్మా, వదినెవు నువ్వు, నువ్వు పొయ్యి."

మాన్కుబాయికి సగమే అర్థమైనట్టుంది. వందన పక్కన కూర్చొని చెప్పింది. పుట్టింటివాళ్ళు ఆడబిడ్డను పిలిచి, కొత్త చీర పెట్టి, కొంగులో పసుపు బియ్యం పోసి అత్తగారింటికి సాగనంపుతారని. చెబుతుంటే తన గొంతే తనకు కొత్తగా వినబడింది. రెండేళ్ళు పుస్తకాల్లో చదివింది ఇదే కదా. మనుషులు పుట్టి మాత్రమే చుట్టాలు కారు, పెట్టి కూడా అవుతారు.

మాన్కుబాయి తల మీదికి కొంగు లాక్కొని పీట మీద కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

పద్మలత బీరువాలోంచి ఒక చీర తెచ్చింది. గుమ్మంలో నిలబడ్డ కొమురెల్లి దాన్ని పట్టి చూశాడు. పుట్టింది మొదలు బట్టలో బతికిన మనిషి, వేళ్ళకే తెలిసిపోతుంది.

"గిది ముతకది. దసరకు తెచ్చిన పట్టంచుది తియ్యి."

"అది నాది గదనయ్యా! మడత సుత విప్పలే!"

"ఆడబిడ్డకు పెట్టంగ వదినె ముఖం ముడుసుకోవద్దు."

"అబ్బో! పొద్దుందాక నోరు లేని మనిషికి గిప్పుడు ఆడబిడ్డ అనంగనే మాట వచ్చింది," పద్మలత గొణుక్కుంటూనే పట్టంచు చీర తీసింది. "ఆడబిడ్డ పోరు లేని సంసారమని మా అవ్వగారింటోళ్ళు మురిసిండ్రు. ఇన్నేండ్లకు నాకూ దొరికింది."

కానీ బొట్టు పెట్టేటప్పుడు ఆమె చేయి చాలా మెత్తగా ఉంది. దోసిళ్ళతో బియ్యం పోసింది. కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ. మాన్కుబాయి ఒడి బరువెక్కింది. కొంగు నడుముకు ముడివేసింది.

"ఇగ ఇను," శంకరవ్వ కొడుకు వైపు తిరిగింది. "ఒడి నిండిన ఆడబిడ్డను ఒక్కదాన్నే బస్సెక్కిస్తరా?"

"ఎక్కియ్యరు."

"ఆ బియ్యం ఆమె ఇంట్ల వండంగ పుట్టింటోళ్ళు పోయి తినాలెనా, వద్దా?"

"తినాలె."

"మరి ఒక్కనివే పోతవా? మేనకోడలు రావద్దా?"

కొమురెల్లి తల్లిని చూశాడు, తల్లి వక్క పలుకు నోట్లో వేసుకొని ఎటో చూస్తోంది. అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు బిడ్డలా అంటారు. శంకరవ్వకు మాత్రం గడ్డం నెరిసిన కొడుకు ఇంకా అడ్డాలలోనే ఉన్నాడు.

ఆయన షెడ్డులోకి పోయాడు. మళ్ళీ సాంచాలు మొదలవుతాయి, అంతే.

స్టూలు పట్టుకొని వచ్చాడు.

సజ్జ కింద వేసి ఎక్కాడు. బ్యాగు మీద చేయి వేసి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"గోలీలు పెట్టుకున్నవా?"

తనను. నాయినమ్మను కాదు, తననే. వందన "పెట్టుకున్న బాపూ" అనబోయి, తలూపింది. వీపుకు తల ఊపడం కనబడదు కదా, తల్లి అందుకుంది. "పెట్టుకున్నది. నేనే పెట్టిన."

"దోమతెర?"

"ఉన్నది."

"దండారి అయ్యేదాక నేను కూడ ఆడనే ఉంట. సాంచాలు బందు. జర జ్వరమొచ్చినట్టు ఉన్నా ఎత్తుకొని వస్త. గప్పుడు ఎం.ఏ. గిమ్మే అంటే విన."

సాంచాలు బందు! పద్మలత నోరు తెరిచింది. జ్వరమొచ్చినా పండుగొచ్చినా ఆ మనిషి అట్లా అనడం ఆమె వినలేదు. వందన పోయి స్టూలు మీది తండ్రి కాళ్ళు పట్టుకుంది. "ఏయ్, పడుత!" అన్నాడాయన, కోపం కాదు.

మాన్కుబాయి పీట మీద నుంచి ఇదంతా చూస్తూ, వేళ్ళు మడుస్తూ తనలో తాను ఏదో లెక్క వేసుకుంటోంది. లెక్క తేలినట్టుంది, నిండుగా నవ్వింది.

"రాం రాం, దాదా," అంది కొమురెల్లితో. పొద్దున దొరకని మాట ఇప్పుడు దొరికింది. "నువ్వు నాకు అన్నవు. ఈమె వదినె. అయితే ఈ పోరి ఇగ నా బిడ్డ కాదు. నా కోడలు."

"మేనకోడలే మరి," శంకరవ్వ అంది.

"మేము ఊర్ల ఈమెను బిడ్డ అనుకున్నం. మా జైవంత్‌కు చెల్లె అనుకున్నం. ఇగ కాదు గద." మాన్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మేనత్త కొడుకు ఏమైతడు? మీ దిక్కు కూడ గదే గద, వరుస?"

బ్యాగు సగం దింపిన కొమురెల్లి సగంలోనే ఆగాడు. దింపాలో, మళ్ళీ పైకి తోయాలో తెలియని ముఖం.

పద్మలత కూతురి ముఖం చూసింది. చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఆ ముఖంలో ఉన్నది జ్వరం ఎరుపు కాదు.

వందనకు ఊరంతా తలకిందులైంది. అన్నలు అన్నలు కారు, తాతలు తాతలు కారు. ఇప్పటిదాకా రాసుకున్న వరుసలన్నీ మళ్ళీ మొదట్నుంచి రాయాలి. మేడం అడిగితే ఏం చెప్పాలి, మా నాయినమ్మ ఒడిబియ్యం పోసిందనా? కానీ ఆమె మనసు థీసిస్ మీద లేదు. చీరతో కట్టిన ఆ వీపు, జ్వరంలో తన చెంప ఆనిన వీపు గుర్తొచ్చింది. "చెల్లె, పడుకోకు, మాట్లాడుతనే ఉండు" అన్న గొంతు గుర్తొచ్చింది. చెల్లె అన్న మాట ఉన్నది కాబట్టి అప్పుడు భయం లేకపోయింది. ఆ మాట ఉన్నది కాబట్టే, తర్వాత మంచంలో పడి ఎన్నిసార్లు తలుచుకున్నా తప్పనిపించలేదు.

శంకరవ్వ వక్క నములుతూ గోడకానుకొని కూర్చుంది. తెలిసి చేసిందో తెలియక చేసిందో ఆ ముఖంలో దేవుడికైనా దొరకదు.

వందన చేతిలో ఫోన్ మోగింది. అందరూ చూశారు. పేరు అందరికీ కనబడింది, జైవంత్ అన్న.

ఎత్తింది.

"చెల్లే, మా ఆయి చేరిందా? నువ్వు వస్తున్నవా, లేదా?" అవతల జీపుల చప్పుడు, గాలి. "హలో, చెల్లే?"

రోజూ అడక్కుండానే నోటికొచ్చే మాట 'అన్నా'. పెదవుల దాకా వచ్చింది. స్టూలు మీద తండ్రి, పీట మీద మేనత్త, గోడకు నాయినమ్మ.

"వస్తున్న," అంది వందన. ఏ వరుసా కలపలేదు.